తోటలో గిన్నెల దొంతి: మీ ప్రశ్నలు, మా జవాబులు

జత విడిపోయిన సాసర్లు, అంచు రాలిన పింగాణీ ప్లేట్లు, పెళ్ళిలో కానుకగా వచ్చి ఒక్కనాడూ పువ్వు మొహం చూడని పూలకూజాలు, మూత పగిలిన ఊరగాయ జాడీ. ఇవి లేని అటక ఉండదు. వీటిని ఒక కడ్డీకి గుచ్చి తోటలో నిలబెడితే ఇంగ్లిషులో 'గార్డెన్ టోటెమ్' అంటున్నారు. టోటెమ్ అన్నది ఉత్తర అమెరికాలోని ఒజిబ్వే భాష నుంచి వచ్చిన మాట, అక్కడ దానికి వంశచిహ్నమని అర్థం. దొంతి అనే చక్కటి మాట మనకుండగా పాత గిన్నెలకు అంత బరువైన పేరెందుకు? ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీని గురించే వచ్చాయి కాబట్టి మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచాం.

ప్రశ్న: మా పెరట్లో నాలుగడుగుల దొంతి నిలబెట్టాలని ఉంది. ఏమేం కావాలి, ఏ వరుసలో పేర్చాలి? మంచి జిగురుతో ఒకదానికొకటి అంటించేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సరిపోదమ్మా. అంటించిన దొంతి మొదట్లో బాగానే ఉంటుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేసరికి ఎక్కడో ఒక అతుకు ఊడుతుంది. ఊడింది నడిమి అతుకైతే పైవన్నీ దాంతోపాటే కిందికొస్తాయి. బరువు మోయాల్సింది కడ్డీ. గిన్నె గిర్రున తిరక్కుండా పట్టుకోవడం వరకే జిగురు పని.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 12 ఎం.ఎం. ఊచ ఆరడుగులది తీసుకోండి. రెండడుగులు నేలలోకి, నాలుగడుగులు పైకి. కింది కొస నుంచి రెండున్నర అడుగుల దగ్గర, అంటే నేలకు ఆరంగుళాల ఎత్తున, రెండంగుళాల వెడల్పు వాషరును వెల్డింగ్ చేయించండి. దొంతి మొత్తం కూర్చునేది దాని మీదే. తర్వాత ఊచకు రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు వేయాలి. ఇది మానేస్తే మొదటి వానకే తుప్పునీళ్ళు కారి తెల్ల ప్లేట్ల మీద చారలు కడతాయి.

ఊచ మీద గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి గిన్నెలకు 16 ఎం.ఎం. బెజ్జం కావాలి. మూడున్నర అడుగుల దొంతికి ఏడు నుంచి తొమ్మిది వస్తువులు చాలు. గిన్నె మీద గిన్నె నేరుగా ఆనకూడదు. మధ్యలో అరంగుళం పీవీసీ పైపు ముక్కలు, రెండు నుంచి నాలుగంగుళాల పొడవున కోసి తొడగాలి. పైపు కొసకూ పింగాణీకీ మధ్య రబ్బరు బిళ్ళ ఉండాలి. తెగిపోయిన హవాయి చెప్పు అడుగును రూపాయి బిళ్ళంత గుండ్రంగా కోసి నడుమ బెజ్జం పెడితే అదే బిళ్ళ. ఒక్క జతలో దొంతికి సరిపడా వస్తాయి.

అందరూ తప్పు చేసేది జాడీ దగ్గర. అడుగున జాడీని బోర్లించి కూర్చోబెడతారు. అప్పుడు పై బరువంతా జాడీ మూతి అంచు మీద పడి, అంచు ఎక్కడ గరుకుగా ఉంటే అక్కడ బీట వేస్తుంది. జాడీ లోపలి ఎత్తు కొలిచి, అంతకంటే ఒక అంగుళం పొడుగున్న పైపు ముక్కను ముందు ఊచకు తొడగండి. దాని మీద రబ్బరు బిళ్ళ, ఆపైన బోర్లించిన జాడీ. ఇప్పుడు జాడీ తన అడుగు మీద వేలాడుతుంది, మూతి దేనికీ తగలదు. బరువు పైపుముక్క ద్వారా వాషరు మీదికి దిగిపోతుంది. కప్పులు, గిన్నెలు బోర్లించేటప్పుడూ ఇదే పద్ధతి.

జాడీ మీద పెద్ద ప్లేటు, పైన గిన్నె, సాసరు, కప్పు, ఇలా కింద వెడల్పు, పైకి సన్నం. కుండల దొంతి నిలబడిన లెక్కే ఇదీ. చివరన ఊచ కొసను దాచేలా సన్నమూతి పూలకూజాను బోర్లించి తొడగండి. దానికి బెజ్జం అక్కర్లేదు. జిగురు ముట్టకుండానే మొత్తం ఒకసారి పేర్చి, ఊచ పక్కన రసమట్టం పెట్టి చూసుకుని, అప్పుడు విప్పి అంటించండి.

ప్రశ్న: గోడకు వాడే డ్రిల్లుతో మూడు ప్లేట్లకు బెజ్జం పెట్టబోతే మూడూ పగిలాయి. పింగాణీకి బెజ్జం అసలు పడుతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పడుతుంది. మీరు వాడింది కాంక్రీటు బిట్టు, పైగా డ్రిల్లు మీద సుత్తి బొమ్మ ఉన్న మీట హ్యామర్ వైపే ఉండి ఉంటుంది. అది పింగాణీని తొలవదు, కొడుతుంది. మీట మార్చండి. 16 ఎం.ఎం. డైమండ్ హోల్ సా కొనండి. గొట్టంలా లోపల ఖాళీగా ఉంటుంది, కొస మీద గరుకు పూత. టైల్స్ పనివాళ్ళ సామాను దొరికే చోట అడిగితే ఇస్తారు.

ప్లేటును పాత చెక్కముక్క మీద పెట్టండి. ప్లేటు వెనక కాలులా ఉబ్బిన గట్టు ఉంటుంది కదా, దాని లోపల పట్టేంత చెక్కబిళ్ళ పెట్టి ఖాళీ నింపాలి. అడుగు గాల్లో ఉంటే చివరి క్షణంలో పెంకు లేస్తుంది. దొంతిలో ఏ వైపు కంటికి కనబడుతుందో ఆ వైపు నుంచే మొదలుపెట్టండి. బిట్టు బయటికి వచ్చే వైపే పెచ్చు ఊడుతుంది.

గుర్తు పెట్టిన చోట చుట్టూ పిల్లలు ఆడుకునే క్లేతోనో మైదా ముద్దతోనో అరంగుళం గట్టు కట్టి, లోపల రెండు చెంచాల నీళ్ళు పోయండి. గొట్టం బిట్టుకు నడుమ మొన ఉండదు, నిటారుగా పెడితే మెరుపు మీద జారిపోతుంది. అందుకే 45 డిగ్రీల వాలుగా పట్టుకుని ముందు నెలవంకలాంటి గీత పడనివ్వాలి. గీత పడ్డాక మెల్లగా నిటారుకు తేవాలి. వేగం నిమిషానికి 600–700 చుట్లు దాటకూడదు. ఇళ్ళల్లో వాడే డ్రిల్లుకు ట్రిగ్గర్ నాలుగో వంతు నొక్కితే దాదాపు అంతే. ఒత్తకండి, డ్రిల్లు బరువు చాలు. పది సెకన్లకోసారి బిట్టు ఎత్తితే నీళ్ళు లోపలికి వెళ్తాయి. నీళ్ళు మజ్జిగలా చిక్కబడితే పారబోసి మార్చండి. మామూలు ప్లేటుకు మూడు నుంచి ఐదు నిమిషాలు, మందపాటి జాడీకి పది నిమిషాలు పడుతుంది. మోత సన్నబడిందంటే ఇంకో పల్చటి పొర మిగిలిందని అర్థం. అక్కడ చెయ్యి ఇంకా తేలిక చేయాలి. మొదటి ప్లేటు పగిలేది చాలామందికి ఇక్కడే.

నీళ్ళ దగ్గర కరెంటు డ్రిల్లు కాబట్టి వీలైతే బ్యాటరీది వాడండి. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. పొడిగా ఎప్పుడూ తొలవకండి. ఆ ధూళిలో సిలికా ఉంటుంది, పాత రంగురంగుల పింగాణీ పూతల్లో సీసం కూడా ఉండొచ్చు. తెల్లటి బురదను సింకులో పోస్తే పైపు మూసుకుంటుంది, కూరగాయల మడిలో పోయడం అంతకన్నా తప్పు. పాత కాగితంలో ఆరబెట్టి చెత్తలో వేయండి.

ప్రశ్న: తెల్లటి డిన్నర్ సెట్ ప్లేటుకు మీరు చెప్పినట్టే నీళ్ళు పోసి బెజ్జం పెడుతుంటే టపాకాయలా పేలి ముక్కలు ముక్కలైంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అది పింగాణీ కాదు, గట్టిపరిచిన ఓపల్ గాజు. తేలిగ్గా, పల్చగా, పాలలా తెల్లగా ఉండే సెట్లు చాలావరకు ఇవే. కొలిమిలో కాల్చి ఉన్నట్టుండి చల్లార్చడంతో పైపొర నొక్కుకుని, లోపలి పొర సాగదీసినట్టు ఉండిపోతుంది. ఆ రెండింటి లాగుడే దాని బలం. పైపొరను ఎక్కడ తెంచినా మొత్తం ఒక్కసారే విడిపోతుంది. ఎంత మంచి బిట్టయినా ఫలితం ఇదే. అడుగున 'టఫెన్డ్', 'టెంపర్డ్' అని ఉంటే డ్రిల్లు దగ్గరికే తేవద్దు. పారదర్శకమైన గాజయితే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని, వెలుగుతున్న ల్యాప్‌టాప్ తెరకు అడ్డంగా పట్టుకుని చూడండి. గిన్నెలో నల్లటి నీడలో, రంగుల చారలో కనబడితే అది గట్టిపరిచిన గాజే.

మెలమైన్ ప్లేట్లకు బెజ్జం సులువుగా పడుతుంది కానీ ఎండకు రంగు వెలిసి, సుద్దలా అయి పగుళ్ళిస్తాయి. వరండా నీడలో అయితే వాడుకోవచ్చు.

ప్రశ్న: సంక్రాంతికి రెండు గొట్టాల జిగురుతో స్టీలు గిన్నెలు, గాజు ప్లేట్లు కలిపి అంటించాను. మే నెలలో అన్నీ ఊడిపోయాయి. జిగురు నకిలీదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: జిగురుది తప్పు కాదు, జోడీది. వేడికి స్టీలు గాజుకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. వేసవి రాత్రి 28 డిగ్రీలుండే గిన్నె మధ్యాహ్నపు ఎండలో 58కి చేరడం వింతేమీ కాదు. ఆ 30 డిగ్రీల తేడాకు నాలుగంగుళాల అతుకులో రెండింటి మధ్య వచ్చే జరుగుడు వెంట్రుక మందంలో మూడో వంతు. చూడ్డానికి ఏమీ కాదు. కానీ మీరు వాడిన రెండు గొట్టాల జిగురు, అంటే ఎపాక్సీ, రాయిలా గట్టిపడుతుంది, సాగదు. రోజూ అటూ ఇటూ లాగుతుంటే నున్నటి గాజు మీద పట్టు వదిలేస్తుంది. దానికి తోడు ఎండ తగిలితే పసుపెక్కి పెళుసవుతుంది. ఫెవిక్విక్‌దీ ఇదే కథ, పైగా తడికి ఇంకా త్వరగా ఊడుతుంది. తెల్ల ఫెవికాల్ మాట బయటి పనికి ఎత్తనే వద్దు.

కావలసింది సిలికాన్ సీలెంట్. ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది. కొనేటప్పుడు ట్యూబు మీద 'న్యూట్రల్' అని ఉందో లేదో చూడండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం గాజుకు గాజు అంటించడానికి మంచిదే, ఇనుముకూ జింకు పూతకూ తగిలితే తుప్పు పట్టిస్తుంది. అంటించే చోటును గరుకు కాగితంతో రుద్ది, సబ్బుతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడవండి. ఊరగాయ జాడీలకు నూనె సన్నటి పగుళ్ళలోకి దిగి ఉంటుంది, చాకలి సోడా కలిపిన వేడినీళ్ళలో ఒక రాత్రి నానబెట్టక తప్పదు.

సిలికాన్‌ను చుట్టూ పూర్తి వలయంలా వేయకండి. ఐదారు ఎం.ఎం. మందాన, మధ్యమధ్య మూడు నాలుగు సందులు వదులుతూ వేయాలి. గాల్లోని తేమ తగిలితేనే అది గట్టిపడుతుంది, బయటి నుంచి లోపలికి రోజుకు రెండు మూడు ఎం.ఎం. చొప్పున. రెండు ప్లేట్ల నడుమ పూర్తిగా మూసేస్తే వారాల తరబడి లోపల పచ్చిగానే ఉంటుంది. లోపల చిక్కిన వాననీరు బయటికి పోయే దారి కూడా ఆ సందులే.

ప్రశ్న: ఇందులో నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయని మా అపార్ట్‌మెంట్ వాళ్ళు అభ్యంతరం చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వాళ్ళు చెప్పేది నిజం. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది మురుగులో కాదు, ఇలాంటి చిన్న చిన్న శుభ్రమైన నీటి గుంటల్లోనే. గుడ్డు దోమ కావడానికి మన వాతావరణంలో వారం పదిరోజులు చాలు. కాబట్టి కప్పులు, గిన్నెలు అన్నీ బోర్లా ఉండాలి. వెల్లకిలా పెట్టకపోతే అందమే లేదనిపించే పూల ప్లేటు ఏదైనా ఉంటే, ఊచ బెజ్జం పక్కనే, ప్లేటు అత్యంత పల్లమైన చోట 6 ఎం.ఎం. బెజ్జం ఇంకోటి వేయండి. నడుమ బెజ్జాన్ని రబ్బరు బిళ్ళ మూసేస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. పని పూర్తయ్యాక ఒక బకెట్ నీళ్ళు పైనుంచి పోసి, పావుగంట తర్వాత టార్చి వేసి ఎక్కడ తడి నిలిచిందో చూడండి. అభ్యంతరం చెప్పినవాళ్ళ ఎదుటే ఆ పరీక్ష చేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర్లో మూడో అంతస్తు మిద్దె తోట. దొంతిని ఎలా నిలబెట్టాలి? శ్లాబుకు డ్రిల్లు వేసి బిగించవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: శ్లాబు జోలికి వెళ్ళకండి, వాటర్‌ప్రూఫింగ్ పొర తెగితే కింది గదికి చెమ్మ దిగుతుంది. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్‌లో కాంక్రీటు పోయండి. సిమెంటు నాలుగున్నర లీటర్లు, ఇసుక 9 లీటర్లు, 20 ఎం.ఎం. కంకర 18 లీటర్లు, నీళ్ళు మూడు లీటర్ల చిల్లర. కొలతలన్నీ మగ్గుతోనే. కంకర సందుల్లోకి ఇసుక, సిమెంటు దిగిపోతాయి కాబట్టి కలిపాక బకెట్‌కు సరిపోతుంది. నడుమన అడుగు పొడవు అరంగుళం జీఐ (జింకు పూసిన ఇనుప) పైపును నిటారుగా నిలపండి, పై కొస అంగుళం బయటికి ఉండాలి. వారం రోజులు తడుపుతూ ఉండండి. మీ ఊచ రెండడుగులు కిందికి దిగనక్కర్లేదు, వాషరు కింద పదకొండంగుళాలు చాలు. ఊచ పైపులోకి దిగి, వాషరు పైపు మూతి మీద కూర్చుంటుంది. మూతి మూసుకుపోతుంది కాబట్టి వాననీళ్ళూ పెద్దగా దిగవు. ఈ దిమ్మె 48 కిలోలు తూగుతుంది, కింద దూలం గానీ స్తంభం గానీ ఉన్న చోట పెట్టండి, పిట్టగోడకు దూరంగా.

ఇక గాలి. మీటరు ఎత్తు, సగటున 20 సెంటీమీటర్ల వెడల్పున్న దొంతిని గంటకు 100 కిలోమీటర్ల గాలి దాదాపు పది కిలోల బరువుతో నెడుతుంది. అంత ఎత్తున పడే ఆ నెట్టుడుకు మీ 48 కిలోల దిమ్మె కూడా ఒరిగిపోగలదు. గాలి వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మీ ఊరిని దాటినప్పుడు గాలి 170 కిలోమీటర్లు దాటింది. దానికి తట్టుకునే దిమ్మె ఏ మిద్దె మీదా పెట్టలేం. అందుకే పైపు పద్ధతి చెప్పాం. తుఫాను హెచ్చరిక రాగానే దొంతిని ఊచతో సహా పైకి ఎత్తి గదిలో పడుకోబెట్టండి, ఐదు నిమిషాల పని. మూడో అంతస్తు నుంచి ఎగిరే ప్లేటు వీధిలో ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

ప్రశ్న: మాది నల్లరేగడి. నాటిన ఊచ ప్రతి ఏడాదీ ఓ పక్కకు ఒరుగుతోంది.
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నేల అది. ఒక పక్క మొక్కకు రోజూ నీళ్ళు పోస్తూ, రెండో పక్క ఎండబెడితే ఒరగక ఏం చేస్తుంది? అడుగు వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గుంత తవ్వి, నల్లమట్టి తీసేసి మొరం పోసి పొరపొరగా దిమ్మిస చేయండి. నడుమన జీఐ పైపు నిలిపి ఊచను దాంట్లో దించండి. ఒరిగినా పైపును సరిచేయడం సులువు. అంత శ్రమ ఎందుకనుకుంటే విశాఖ పాఠకుడికి చెప్పిన బకెట్ దిమ్మెను నేల మీదే పెట్టుకోండి.

ప్రశ్న: కోతుల బెడద ఉన్న ఊరు మాది. దొంతి నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: గాజు, పింగాణీ వద్దు. ఊపి చూడకుండా కోతి వదలదు, పగిలిన పెంకులు మట్టిలో కలిస్తే ఏళ్ళ తరబడి కాళ్ళకు గుచ్చుకుంటాయి. సొట్టలు పడిన స్టీలు, అల్యూమినియం గిన్నెలతో కట్టుకోండి. వాటికి మామూలు ఇనుప బిట్టు చాలు. పై కొసన బోల్టు ముక్క వెల్డింగ్ చేయించి రెక్కల నట్టుతో బిగించండి. రబ్బరు బిళ్ళలు వేయకపోతే గాలికి రాత్రంతా గలగలలే.

ప్రశ్న: ఇక్కడ పాత సామాను దుకాణాల్లో పింగాణీ చవగ్గా దొరుకుతుంది. మంచు కురిసే చోట దొంతిని ఏడాది పొడవునా బయట ఉంచవచ్చా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఉంచవద్దు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. కప్పు మూలన చిక్కిన చెంచాడు నీళ్ళు చాలు, దాన్ని చీల్చడానికి. బాగా కాలిన గట్టి పింగాణీ నీళ్ళు పీల్చదు కాబట్టి కొంత ఓర్చుకుంటుంది. టెర్రకోట, మెత్తటి మట్టి పాత్రలు మాత్రం పెచ్చులు పెచ్చులుగా ఊడతాయి. నవంబరులోపే తీసి బేస్‌మెంట్‌లో పెట్టండి. అలాగే ఊచ దిగ్గొట్టే ముందు కొద్ది రోజుల ముందుగా 811కి ఫోన్ చేయండి. భూమిలో గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.

ప్రశ్న: బెజ్జం వేసేటప్పుడు పగిలిన ముక్కల్ని ఏం చేయాలి? పగిలినవి ఇంట్లో ఉండకూడదని మా అత్తగారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇంట్లో కాదు, పెరట్లో అని చెప్పండి. చేలో కర్రకు కుండ బోర్లించి సున్నం బొట్లు పెట్టే మనకు, కర్ర మీద పాత గిన్నె కొత్తేమీ కాదు.

ముక్కల్ని బకెట్ దిమ్మె చుట్టూ అతకండి. ప్లాస్టిక్ మీద సిమెంటు పట్టదు కాబట్టి కాంక్రీటు గట్టిపడ్డాక బకెట్‌ను కోసి తీసేయాలి. టైల్స్ అంటించే పొడిని నీళ్ళలో కలిపి, రెండుమూడు ఎం.ఎం. పొర పూసి ముక్కలు అద్దండి. మరుసటి రోజు సందుల్లో గ్రౌట్ నింపి, ఆరకముందే తడిగుడ్డతో తుడవాలి. పదునైన అంచులు గ్రౌట్‌లో మునిగిపోయాయా అని చేతికి తొడుగు వేసుకుని తడిమి చూడండి. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే కళాకారుడు, జనం పారేసిన కప్పులు, సాసర్లు, పగిలిన చేతిగాజులతో బొమ్మలకు చర్మం తొడిగింది ఇలా సిమెంటులో అద్దే. 1976లో తెరిచిన ఆయన రాక్ గార్డెన్ ఇప్పటికీ ఉంది. మన ఇళ్ళల్లో పగిలిన గాజులకు కొదవ లేదు కదా, వాటిని పింగాణీ ముక్కల నడుమ వాడితే మెరుపు వస్తుంది.

ప్రశ్న: దొంతి పైన గుండ్రటి గాజు గిన్నె వెల్లకిలా పెట్టి, పిట్టల కోసం నీళ్ళు పోయవచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పారదర్శకమైన గాజయితే వద్దు. నీళ్ళతో నిండిన గుండ్రటి గాజుగిన్నె భూతద్దంలా పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కింద ఎండుటాకులుంటే అంటుకోవచ్చు, గ్రీన్ నెట్‌కు బెజ్జం పడవచ్చు. పాత రంగుల పింగాణీలోనూ తాగే నీళ్ళు పోయకండి, సీసం సంగతి పైన చెప్పాం. పిట్టలకు మామూలు మట్టి మూకుడు మేలు. దొంతి మీద కాకుండా పక్కన నీడలో పెట్టి, రోజూ నీళ్ళు పారబోసి కొత్తవి పోయండి.